అఫ్రిదికి నిలకడ లేదన్నది ఎవరు?

క్రికెట్ గురించి రాసేవాళ్లకి ఒక జబ్బుంది. పాకిస్తాన్ ఆటగాడు షాహిద్ అఫ్రిది పేరు రాయగానే పెన్ను దానంతట అదే "ప్రతిభ ఉంది కానీ నిలకడ లేదు" అని ముందుకెళ్లిపోతుంది. ఇరవై ఏళ్ల పాటు ఇదే వరస. అక్కడివాళ్లూ అదే రాశారు, ఇక్కడివాళ్లూ అదే రాశారు, మైకు దొరికిన ప్రతి మాజీ ఆటగాడూ అదే చెప్పాడు. ఇంతమంది ఒకే మాట మీద ఉన్నారంటే అందులో ఏదో తిరకాసు ఉండి తీరాలని నాకు మొదట్నించీ అనుమానం. లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. అనుమానం నిజమైంది. ప్రపంచ క్రికెట్‌లో అఫ్రిది అంత నిలకడగా ఆడినవాడు ఇంకొకడు పుట్టలేదని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేసుకుంటున్నాను.

ముందు నిలకడ అంటే ఏమిటో తేల్చుకుందాం. ఎండొచ్చినా వానొచ్చినా ఒకే పని ఒకే తీరుగా చేసుకుపోవడం. ఈ కొలత పెడితే రాహుల్ ద్రవిడ్ నిలబడతాడా? మంచి బంతి వస్తే వదిలేస్తాడు, చెత్త బంతి వస్తే కొడతాడు. పిచ్ పచ్చగా ఉంటే ఒకలా, ఎండిపోయి ఉంటే ఇంకోలా ఆడతాడు. బంతిని బట్టి, పిచ్‌ని బట్టి, స్కోరుని బట్టి రంగులు మార్చే మనిషికి మనం "గోడ" అని బిరుదిచ్చాం. ఊసరవెల్లి అనాల్సింది. అఫ్రిదిని చూడండి. జట్టు 20 పరుగులకి 4 వికెట్లు పోగొట్టుకున్నా అదే షాట్. 250కి 3 వికెట్లు ఉన్నా అదే షాట్. బౌలర్ ఎవరన్నది ఆయనకి అనవసరం. బౌండరీ దగ్గర ఫీల్డర్ నిలబడి ఉన్నాడన్నది అసలే అనవసరం. ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా పని చేసుకుపొమ్మని పెద్దలు చెప్పిన మాటని లాంగాన్ దిక్కుగా ఇంత భక్తితో అమలు చేసినవాడు ఎవడున్నాడు?

మాటలతో తృప్తి పడనివాళ్ల కోసం అంకెలు కూడా తెచ్చాను. వన్డేల్లో 398 మ్యాచ్‌లు, 369 ఇన్నింగ్స్, 8064 పరుగులు. సగటు 23.57, స్ట్రయిక్ రేట్ (వంద బంతులకి చేసిన పరుగులు) 117. ఈ రెండు అంకెల్నీ కలిపి చూస్తే ఆయన సగటున 20 బంతులకోసారి అవుటయ్యాడని తేలుతుంది. అంటే మూడు ఓవర్ల రెండు బంతులు. 1996 నుంచి 2015 దాకా మొత్తం లెక్క ఇదే. ఇంత ఖచ్చితంగా నడిచే రైలు నేనైతే ఎక్కలేదు. సెంచరీలు 6, హాఫ్ సెంచరీలు 39. రెండూ కలిపి 45. అంటే ఎనిమిదిసార్లు వస్తే ఒక్కసారి యాభై దాటాడు. డకౌట్లు 30, అంటే ఇంచుమించు పన్నెండుసార్లకు ఒక సున్నా. మిగిలినప్పుడల్లా ఒక సిక్సరు, రెండు ఫోర్లు, గాల్లోకి ఒక లడ్డూ క్యాచ్, తలాడించుకుంటూ పెవిలియన్. ఇది నిలకడ కాకపోతే నిఘంటువు మార్చాలి.

మరి చెడ్డపేరు ఎలా వచ్చింది? నైరోబీలో వచ్చింది. తేదీతో సహా చెబుతాను: 1996 అక్టోబర్ 4.

పాకిస్తాన్‌కి అక్కడ ఆడిన వన్డే టోర్నీలో లెగ్ స్పిన్నర్ ముష్తాక్ అహ్మద్ గాయం వల్ల అందుబాటులో లేడు. అతని బదులు అలాంటివాడే ఇంకొకడు కావాలి. అండర్-19 జట్టుతో వెస్టిండీస్‌లో ఉన్న కుర్రాణ్ణి పిలిపించారు. గమనించండి, పిలిచింది బౌలింగ్ చేయడానికి. మొదటి మ్యాచ్‌లో బ్యాటింగే రాలేదు. రెండో మ్యాచ్ శ్రీలంక మీద. వెళ్లి నాలుగు ఊపి రా అని మూడో నంబర్‌లో పంపించారు. చేతిలో మంచి బ్యాటు కూడా లేదు. సచిన్ టెండూల్కర్ తన బ్యాటు లాంటిదే ఇంకోటి సియాల్‌కోట్‌లో చేయించమని వకార్ యూనిస్‌కి నమూనాగా ఇచ్చాడు. వకార్ దాన్ని ఈ పిల్లాడి చేతిలో పెట్టాడు. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 37 బంతుల్లో సెంచరీ. మొత్తం 40 బంతుల్లో 102, అందులో సిక్సర్లు 11. అప్పటిదాకా వేగవంతమైన సెంచరీ రికార్డు 48 బంతులతో సనత్ జయసూర్య పేరు మీద ఉండేది. పెట్టి ఆరు నెలలే అయింది. ఆ జయసూర్యే ఆ రోజు 10 ఓవర్లు వేసి 94 పరుగులిచ్చాడు. తన రికార్డు పగలగొట్టడానికి తనే సుత్తి అందించిన ఉదారుడు.

(పనిలో పని, ఆ రోజు అఫ్రిది వయసెంత అన్న పిడకల వేట కూడా పూర్తి చేద్దాం. రికార్డు పుస్తకాల ప్రకారం పుట్టింది 1980 మార్చి 1న, కాబట్టి 16 ఏళ్లు. 2019లో వచ్చిన ఆత్మకథలో ఆయనే, అప్పుడు నాకు 16 కాదు, 19 అని సవరించాడు. అదే పుస్తకంలో, నేను పుట్టింది 1975లో అని కూడా చెప్పాడు. ఆ లెక్కన 21 అవుతుంది. ఒకే మనిషి, ఒకే మధ్యాహ్నం, మూడు వయసులు. మూడింటి సగటు తీస్తే 18.67 వస్తుంది. అండర్-19 జట్టుకి నిక్షేపంగా సరిపోతుంది. ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు.)

అసలు విషాదం ఇక్కడ మొదలైంది. ఆ 37 బంతులు అఫ్రిది కొట్టాడని మనం అనుకుంటాం. నిజానికి అది ఆయన చేసిన అప్పు. తెలియక సంతకం పెట్టాడు పాపం. ఆ రోజునుంచి క్రీజులోకి నడిచొచ్చిన ప్రతిసారీ ప్రపంచమంతా గుమ్మం ముందు నిలబడి వడ్డీ అడిగింది. మొదటి బంతి డిఫెన్స్ ఆడితే జనం గోల. రెండో బంతికి సింగిల్ తీస్తే మొహాలు వేలాడేశారు. మూడో బంతి గాల్లోకి లేపి అవుటైతే "బుద్ధుందా" అని తిట్టారు, తిట్టి స్టేడియం ఖాళీ చేసి వెళ్లిపోయారు. మిగతా బ్యాట్స్‌మెన్ ఖాళీ కుర్చీలకి ఆడుకున్నారు. కొట్టమన్నదీ వాళ్లే, కొట్టినందుకు తిట్టిందీ వాళ్లే. నిలకడ ఎవరికి లేనట్టు?

ఈ గోలలో ఒక బౌలర్ మాయమైపోయాడు. 398 మ్యాచ్‌లు ఆడినవాడి వికెట్లు ఎన్నో తెలుసా? 395. మ్యాచ్‌కొకటి చొప్పున, మూడు తక్కువ. అనిల్ కుంబ్లే వన్డే వికెట్లు 337, షేన్ వార్న్‌వి 293. ఓవర్‌కి ఇచ్చిన పరుగులు 4.62. నైరోబీలో ఆ సెంచరీ గనక పడకపోయి ఉంటే ఈయన్ని మనం నమ్మకమైన లెగ్ స్పిన్నర్‌గా, "చివర్లో కాస్త బ్యాటింగ్ కూడా చేస్తాడు" అని గౌరవంగా చెప్పుకునేవాళ్లం. బ్యాటింగ్‌లో ఇరవైమూడు సగటున్న బౌలర్‌ని ఏ దేశంలోనైనా ఆల్‌రౌండర్ అని నెత్తిన పెట్టుకుంటారు. ఒక్క అఫ్రిదిని మాత్రం బ్యాట్స్‌మన్‌గా బోను ఎక్కించి, సగటు చదివి వినిపించి, శిక్ష వేశారు. 2011 ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా జట్టుని సెమీస్‌కి తీసుకెళ్లాడు, 21 వికెట్లు తీసి జహీర్ ఖాన్‌తో సమానంగా టోర్నీలో మొదటి స్థానంలో నిలిచాడు. ఆ టోర్నీ పేరు చెబితే ఎవరికైనా ఆ 21 గుర్తొస్తుందా? మొహాలీలో ఆ సెమీస్ మనం గెలిచామన్నది గుర్తొస్తుంది. నాకూ అదే గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

ఇంత నిష్ఠాపరుడి మీద మచ్చలే లేవని నేను అనను. రెండున్నాయి. దాచడం ధర్మం కాదు.

మొదటి మచ్చ చెన్నైది. 1999 జనవరి, చెపాక్ టెస్ట్. రెండో ఇన్నింగ్స్‌లో ఓపెనర్‌గా దిగి 191 బంతులు ఆడాడు. అచ్చుతప్పు కాదు, నూట తొంభై ఒకటి. శ్రీనాథ్‌ని, వెంకటేశ్ ప్రసాద్‌ని, కుంబ్లేని తట్టుకుని 141 చేశాడు. వదలాల్సిన బంతి వదిలాడు, కొట్టాల్సింది కొట్టాడు. ఆ తర్వాత ప్రసాద్ చెలరేగి 6 వికెట్లు తీస్తే జట్టు 286కి కుప్పకూలింది. సచిన్ 136 చేసినా మనం 12 పరుగులతో ఓడిపోయాం. చెపాక్ జనం లేచి నిలబడి పాకిస్తాన్‌కి చప్పట్లు కొట్టారు. ఆ ఇన్నింగ్సే లేకపోతే "పాపం, ఆయనకి వచ్చిందే అంత" అని అందరం వదిలేసేవాళ్లం. అన్ని విద్యలూ ఉండి ఒక్కటే వాడుకుంటున్నాడని ఆ రోజు బయటపడింది. చెపాక్‌లో చేసిన పొరపాటు ఆయన్ని జీవితాంతం వెంటాడింది. ఆయన మాత్రం అలాంటి పొరపాటు వీలైనంతవరకు మళ్లీ చేయకుండా జాగ్రత్తపడ్డాడు.

రెండో మచ్చ 2009 టీ20 ప్రపంచకప్. సెమీఫైనల్‌లో దక్షిణాఫ్రికా మీద 51 పరుగులు, 2 వికెట్లు. లార్డ్స్ ఫైనల్‌లో శ్రీలంక మీద 40 బంతుల్లో 54 నాటౌట్. రెండు మ్యాచ్‌ల్లోనూ ఆయనే మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. ఫైనల్‌లో ఆయన ఆడిన తీరు చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఖాళీల్లోకి నెట్టి ఒకట్లు తీస్తున్నాడు. అవతలి వాడితో మాట్లాడుతున్నాడు. మధ్యమధ్యలో ఆలోచిస్తున్నట్టు కూడా అనిపించింది. కప్పు వచ్చింది, సరే. నియమం తప్పి తెచ్చిన కప్పు.

ఇంకో రంగంలో మాత్రం ఆయన నిష్ఠ మీద వేలెత్తి చూపించే మగాడు లేడు. అది రిటైర్మెంట్.

మామూలు ఆటగాడు రిటైర్మెంట్‌ని చావులా చూస్తాడు. ఒక్కసారే వస్తుంది, వస్తే తిరిగి రాడు. అఫ్రిది దాన్ని లంచ్ విరామంలా చూశాడు. 2006 జనవరిలో ఇండియా మీద టెస్టుల్లో వరసగా లాహోర్‌లో 103, ఫైసలాబాద్‌లో 156 కొట్టాడు. టెస్టుల్లో ఆయన సగటు 36.51, ఐదు సెంచరీలు కూడా ఉన్నాయి. అంటే ఆయనకి బాగా అచ్చొచ్చింది టెస్ట్ క్రికెట్టే. అందువల్ల అదే సంవత్సరం ఏప్రిల్‌లో టెస్టులకి విరమణ ప్రకటించాడు. రెండు వారాల్లో వెనక్కి తీసుకున్నాడు. ఆ వేసవిలో ఇంగ్లండ్‌లో ఆడాక నాలుగేళ్లు టెస్టులు ఆడకుండా ఉండి, 2010 జూలైలో నేరుగా కెప్టెన్‌గా లార్డ్స్‌లో దిగాడు. ఎదురుగా ఆస్ట్రేలియా. ఐదు రోజుల ఆట తన ఒంటికి సరిపడదని ఆ మ్యాచ్ ముగిసే సరికి తేల్చుకున్నాడు. సిరీస్‌లో ఉన్నవి రెండే టెస్టులు, రెండోదాకా ఆగడం ఎందుకని మొదటిదానితోనే కెప్టెన్సీకీ టెస్టులకీ కలిపి దండం పెట్టేశాడు. రావడానికి నాలుగేళ్లు, పోవడానికి నాలుగు రోజులు.

2011 మేలో బోర్డుతో పడక మొత్తం అంతర్జాతీయ క్రికెట్‌కే వీడ్కోలు చెప్పాడు. ఇది షరతులతో కూడిన వీడ్కోలు. అంటే అలిగి వాకిట్లోకి వెళ్లి, ఎవరైనా వెనకాల వస్తున్నారేమోనని ఓరకంట చూడటం. అక్టోబర్‌లో బోర్డు ఛైర్మన్ మారాడు, అలక తీరింది. నవంబర్‌లో షార్జాలో శ్రీలంక మీద 75 పరుగులు చేసి, 5 వికెట్లు తీశాడు. విరమణ ఇంత బలవర్ధకమని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పోనీ తనంతట తను వెళ్లకపోతే సెలెక్టర్లయినా పంపించేవారు. 2013 ఛాంపియన్స్ ట్రోఫీకి జట్టులోంచి తీసేశారు. తిరిగొచ్చిన మ్యాచ్, జూలై 14, గయానాలో వెస్టిండీస్ మీద: 76 పరుగులు, 12 పరుగులకి 7 వికెట్లు. పాకిస్తాన్ బోర్డుకి కాస్త లౌక్యం ఉంటే ఆయన్ని ప్రతి శుక్రవారం తీసేసి ప్రతి ఆదివారం పిలిపించేది.

2015 ప్రపంచకప్ తర్వాత వన్డేలకి సెలవు. ఇది మాత్రం అన్న మాట ప్రకారం అలాగే ఉండిపోయింది. ఎందుకో ఇప్పటికీ అంతుపట్టదు. 2016లో టీ20 కెప్టెన్సీ వదిలాడు, ఆటగాడిగా ఉంటానన్నాడు. 2017 ఫిబ్రవరిలో అంతర్జాతీయ క్రికెట్‌కి మళ్లీ వీడ్కోలు. 2018 మే 31న లార్డ్స్‌లో వెస్టిండీస్ మీద ప్రపంచ జట్టుకి కెప్టెన్‌గా ప్రత్యక్షం. తుపానులో దెబ్బతిన్న స్టేడియాల కోసం ఆడిన మ్యాచ్ కాబట్టి తప్పుపట్టలేం. ఒక దేశానికి రిటైరైనవాడు ప్రపంచానికి అందుబాటులో ఉండటం గొప్ప సంగతే. 2022 డిసెంబర్‌లో పాకిస్తాన్ బోర్డు ఆయన్ని తాత్కాలిక చీఫ్ సెలెక్టర్‌ని చేసింది. షాట్ సెలక్షన్ మీద ఇరవై ఏళ్లు తిట్లు తిన్నవాడికి టీమ్ సెలక్షన్ అప్పగించారు. ఆ పదవికి ముందు పెట్టిన "తాత్కాలిక" అన్న మాట చదివి నాకు నవ్వాగలేదు. ఆయన ఏ పదవికైనా అది ముందే అచ్చేసి ఉంచుకోవచ్చు.

క్రమశిక్షణ విషయం ఎత్తుతారని తెలుసు. క్లుప్తంగా ముగిస్తాను. 2005లో ఫైసలాబాద్‌లో ఇంగ్లండ్‌తో టెస్ట్ జరుగుతుంటే బౌండరీ దగ్గర గ్యాస్ సిలిండర్ పేలింది. అందరూ అటు చూస్తుంటే ఈయన పిచ్ చెడగొట్టడానికి దాని మీద బూట్లతో గిర్రున ఒక చుట్టు తిరిగాడు. బ్యాటింగ్‌లో అంతకుముందే 92 చేశాడు, కాళ్లు ఊరికే ఎందుకుండాలి అనుకుని ఉంటాడు. ఒక టెస్టు, రెండు వన్డేల నిషేధం పడింది. 2010 జనవరి 31న పెర్త్‌లో ఆస్ట్రేలియా మీద, తాత్కాలిక కెప్టెన్ హోదాలో (చూశారా, మళ్లీ అదే మాట), ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా బంతిని కొరికాడు. రెండు టీ20ల నిషేధం. బంతి ఆకారం మార్చడానికి మిగతావాళ్లు గోళ్లు, జేబులు, లాలాజలం వాడుకుని చాటుమాటుగా కానిస్తారు. ఈయన యాపిల్ పండు తిన్నట్టు పట్టపగలు తిన్నాడు. ఆ సిరీస్ 5-0తో పోయింది కాబట్టి ఆకలి కూడా తీరలేదు. ఎన్ని చెప్పినా ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. దొంగతనంలో కూడా ఆయన సింగిల్స్ తీయలేదు.

ఇంతా చెప్పాక నేను కూడా ఒక నేరం ఒప్పుకోవాలి. 2014 మార్చి 2, మీర్పూర్, ఆసియా కప్. చివరి ఓవర్‌లో పాకిస్తాన్‌కి 10 పరుగులు కావాలి. బౌలర్ అశ్విన్. మొదటి బంతికి సయీద్ అజ్మల్ బౌల్డ్, తొమ్మిదో వికెట్ పడింది. తర్వాతి బంతికి జునైద్ ఖాన్ ఒక సింగిల్. ఇంక నాలుగు బంతులు, తొమ్మిది పరుగులు, ఆడాల్సింది అఫ్రిది. ఆయన ఏం చేయబోతున్నాడో అశ్విన్‌కి తెలుసు. ధోనీ ఆ మ్యాచ్‌లో లేడు, ఉన్నా ఆయనకీ తెలిసేది. పైన మీకు చూపించిన లెక్కలన్నీ నాకు నోటికొచ్చు. ఆయన ఎత్తి కొడతాడు, ఎనిమిదింట ఏడుసార్లు అది ఫీల్డర్ చేతిలో పడుతుంది. సిద్ధాంతం తిరుగులేనిది. మ్యాచ్ గెలిచినట్టేనని ధీమాగా టీవీ కట్టేసి లేచాను.

అయిదు నిమిషాలైనా బయట ఎక్కడా అరుపులు లేవు, ఒక్క టపాసు పేలలేదు. అనుమానమొచ్చి మళ్లీ పెట్టాను. రెండు వరస సిక్సర్లు రీప్లే వేస్తున్నారు. రెండోది బ్యాటుకి సరిగ్గా తగల్లేదు కూడా. గాల్లోకి లేచి, అవుటే అనిపించి, ఆఖరి క్షణంలో తాడు దాటి పడింది. సరిగ్గా ఇలాంటి షాట్‌కే ఆయన ఇంతకాలం అవుటవుతూ వచ్చాడు. తర్వాత ఆయన్ని చూపించారు. ఎప్పటిలాగే రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి నిలబడి ఉన్నాడు.